కప్పు ఎక్కి చూడందే బండి కొనను!

ఫిబ్రవరి 3, సోమవారం. ఉదయం 7:00
ఒట్టు! ఈసారి పైకెక్కి కప్పు చూడందే ఏ పాత మోటర్‌హోమ్, అదే చక్రాల మీది ఇల్లు, కొనను. పరుపు ఎంత మెత్తగా ఉన్నా, అమ్మేవాడు సాక్షాత్తు దేవుడైనా సరే.

మూడేళ్ల కిందట వెనకటి బండి కప్పు కారి, మూడు రోజులు నీళ్లు నా భార్య నోలీన్ మెడ మీదే పడ్డాయి. నిన్న తేల్చి చెప్పేసింది: "కొనబోయేదీ కారిందో, విమానమెక్కి పెర్త్‌లో మా చెల్లి దగ్గరికి పోతా. ఆ బ్రూమ్ తీరం దాకా బండిలో వెళ్లి సముద్రం నువ్వొక్కడివే చూసుకో, మెర్వ్."

పైన చూడవలసినవి:
అతుకుల దగ్గర పగుళ్లు.
బొటనవేలితో నొక్కితే మెత్తగా దిగుతోందా?
వడగళ్ల సొట్టలు.
కప్పులోని కిటికీ చుట్టూ మందంగా సిలికాన్ పూత. పూత ఉందంటే కింద పాపం ఉన్నట్టే!

నిచ్చెన కొన్నాను. పసుపు రంగు, పది మెట్లు. మహా దర్జాగా ఉంది!

ఫిబ్రవరి 8, శనివారం. మధ్యాహ్నం 2:00
మొదటి బండి. ఎండ నలభై మూడు డిగ్రీలు. రేకు కప్పు, ఎక్కితే అరికాళ్లు అట్టుల్లా కాలతాయి. ఎక్కలేదు. కొననూ లేదు కాబట్టి ఒట్టు భద్రం!

ఫిబ్రవరి 15, శనివారం. ఉదయం 6:00
రెండో బండి. చల్లగా ఉంది కానీ గాలి. నిచ్చెన ఊగింది. ఊగింది నిచ్చెన కాదు, నేనేనట. నోలీన్‌కు అన్నీ వెటకారాలే. ఇదీ వద్దనుకున్నాం.

ఫిబ్రవరి 22, శనివారం
మూడో బండి. అమ్మేది క్లారీ అని, గొర్రెలు పెంచే పెద్దమనిషి. బండి లోపల అద్దంలా ఉంది! నోలీన్ బౌల్స్ బంతాట పోటీకి పోయింది, నేనొక్కణ్ణే వెళ్లాను.

నిచ్చెన దించబోతుంటే టీ తెచ్చాడు, వేడివేడి స్కోన్ రొట్టెలతో సహా. మా చార్లవిల్‌లో ఒకడి టీ తాగి, వాడి మాటనే అనుమానిస్తే ఇక ఊళ్లో తలెత్తుకోలేం.

"కొని రెండేళ్లయిందోయ్ మెర్వ్. ఒక్క చుక్క కారితే ఒట్టు!"

"ఒక్కటి కూడానా?"

"ఒక్కటంటే ఒక్కటి. కావాలంటే ఎక్కి చూసుకో, నాకేం?"

అంత మాటన్నాక ఎవడెక్కుతాడు? చేయి చాచాడు, కలిపాను. బండి మాది!

సాయంత్రం 6:00. "కప్పు చూశావా?" అంది నోలీన్. చూశానన్నాను. రోడ్డు అవతలి నుంచి బాగానే కనపడింది.

మార్చి 11, మంగళవారం. మధ్యాహ్నం 3:00
వాన! బార్లో జనమంతా గ్లాసులతో సహా రోడ్డెక్కి తడుస్తున్నారు. బ్యాంకు మేనేజరు బురదలో చతికిలబడి నవ్వుతున్నాడు. గొర్రెలవాళ్లు ఒకరినొకరు పట్టుకుని ఏడుస్తున్నారు. ఊరు మొత్తంలో వానను తిడుతున్నవాణ్ణి నేనొక్కణ్ణే.

బండిలో బకెట్ ఒకటి, గిన్నెలు రెండు, నోలీన్ టోపీ. అన్నీ నిండాయి. అదీ నోలీన్ తలగడ వైపే, ఏరికోరి!

4:30. క్లారీ ఫోన్. సంతోషంతో అరుస్తున్నాడు పాపం. "రెండేళ్లకు పడిందోయ్ మెర్వ్! రెండేళ్లకు!"

అప్పుడు వెలిగింది. ఆయన అబద్ధమాడలేదు. వాన పడితే కదా కారడానికి! ఈ రెండేళ్లూ నేనూ ఆ ఆకాశం కేసే చూస్తున్నాను, ఆ ముక్క తట్టలేదు.

మార్చి 12, బుధవారం. ఉదయం 9:00
నోలీన్ సూట్‌కేసు కిందికి దించింది. విమానం టికెట్ కూడా తీసుకుంది, ఏప్రిల్ ఒకటికి.

"చూశానన్నావుగా?"

చెప్పేశాను. "నాకు ఎత్తంటే భయం. ఒక్క బండీ ఎక్కలేదు." సిగ్గుతో చచ్చిపోయాను.

"ఇంటి కప్పు గట్టర్లో ఆకులు తీయమన్నప్పుడల్లా నలభై ఒక్క ఏళ్లుగా నీకు నడుం నొప్పి. నాకు తెలీదనుకున్నావా? భయపడ్డందుకు కాదయ్యా నా కోపం. చూశానని నాతో అన్నావే, అందుకు."

అని, అరిగిన మోకాళ్లతో తనే నిచ్చెనెక్కింది! నేను కింద పట్టుకున్నాను.

"సిలికాన్ కేకు మీద క్రీములా పూసుందిక్కడ! గుడ్డివాడికైనా కనపడుతుంది!"

"గుడ్డివాడు ఎక్కితే కదా," అన్నాను. పైనుంచి తడి చెప్పొకటి వచ్చి భుజానికి తగిలింది.

మార్చి 16, ఆదివారం. ఉదయం 8:00
నోలీన్ షరతు: కప్పు పాతపూత గీకి, కొత్తపూత ఇద్దరం కలిసి వేయాలి. నేను పైకొస్తే బ్రూమ్‌కు రోడ్డు మీద ఇద్దరం. రాకపోతే ఆమె పెర్త్‌కు, నేనొక్కణ్ణే బకెట్‌తో.

ఆమె లేని సముద్రం నాకొద్దు. కనుక కొత్త ఒట్టు: కప్పు ఎక్కి తీరతాను!

8:20. మొదటి మెట్టు! ఆరు సెకన్లు నిలబడ్డాను.

"కళ్లు తెరువు మహానుభావా," అంది నోలీన్ కింద నుంచి.

తెరిచాను. ఆమె రెండు చేతులతో నిచ్చెనను గట్టిగా పట్టుకుని ఉంది. దిగేదాకా వదల్లేదు.

ఇంకా తొమ్మిది మెట్లు, ఆమె విమానానికి పదహారు రోజులు. రేపు రెండోది, ఖాయం! టిఫిన్ అరిగాక.