మా రేవులో తాబేలు పురుడు

వన్‌టౌన్, విశాఖపట్నం
మార్చి 4

శ్రీరామ్మూర్తి తాతగారికి ఖుష్నుమా నమస్కారాలు.

ఈ ఉత్తరం ఇప్పుడే రాయాల్సిన కారణం ఏమిటంటే, నా కాలు విరిగింది. మీ రేవు నుంచి వస్తూ భీమిలిలో బస్సు మెట్టు మీద జారాను. డాక్టరు మంచం దిగవద్దన్నారు. మీ పడవల పక్కన తాబేలు పెట్టిన గుడ్లు ఈ నెల మధ్యలో పిల్లలవుతాయి. వాటికి కాపలా ఉండాల్సింది నేనే.

ఫోన్ చేయవచ్చు. కానీ ఊరందరికీ చెప్పాల్సిన మాట కాగితం మీద వస్తేనే గుడి దగ్గర చదివి వినిపిస్తామని మీరే అన్నారు. అందుకని మా వీధికి చేపలు తెచ్చే సన్యాసమ్మ గారి గంపలో పంపుతున్నాను.

గూడు ఆలస్యంగా మా కంటబడింది కాబట్టి గుడ్లను పిల్లలయ్యేదాకా కాపాడే హేచరీకి తరలించలేకపోయాం. అక్కడే కంచె వేస్తామని మా అటవీ శాఖ ఆఫీసర్ దేవీప్రసాద్ గారు అన్నారు. కంచె వేస్తే మీకు పడవలు లాక్కునే చోటుండదు. అవసరం లేదు, ఊరివాళ్లే చూసుకుంటారని నేను మాట ఇచ్చాను. పిల్లలు సముద్రం చేరకపోతే కంచె వస్తుంది, నా ఉద్యోగం పోతుంది.

అసలు తాబేళ్లు మనకెందుకని అర్జునరావు గారు నేను మీ రేవుకు వచ్చిన రోజు అడిగారు. పోయిన ఏడాది మీ వలల్లో చేపలకు బదులు జెల్లీచేపలు పడి, అందరి చేతులూ బొబ్బలెక్కాయి కదా. వాటిని తినేవాటిలో ఈ తాబేళ్లూ ఉన్నాయి. ఇవి అయిపోతే ఆ పని మనం చేయలేం. కాలేజీలో చేరేదాకా ఈ సంగతి నాకూ తెలియదు. మా ఇంట్లో నాకంటే ముందు చదువుకున్నవాళ్లు లేరు.

ఎర్రగుడ్డ కట్టిన కర్ర దగ్గర గూడుంది. కుక్కలు రాకుండా చూడండి. మీ ఇంటి మనిషిలా చూసుకోండి. ఎనిమిదో తేదీలోపు జవాబు రాయగలరు.

మీ మనవరాలి వంటిది,
ఖుష్నుమా

తా.క.: సన్యాసమ్మ గారు ఉత్తరాన్ని చేపల కింద పెడతానంటున్నారు. మొదటి వరస చెరిగిపోతే, అక్కడున్నవి నమస్కారాలని గ్రహించగలరు.

---

మార్చి 7

చిరంజీవి ఖుష్నుమాకు శ్రీరామ్మూర్తి దీవెనలు.

నీ ఉత్తరం గంగమ్మ గుడి దగ్గర గట్టిగా చదివాను. నమస్కారాల మీద ఒక పొలుసు అంటుకుంది గానీ తక్కినదంతా కనబడింది. నీ కాలు సంగతి విని ఆడవాళ్లు చాలా బాధపడ్డారు.

గుడ్ల గురించి బెంగపడకు. వలలో తాబేలు పడితే పసుపు కుంకుమ పెట్టి సముద్రంలో వదిలేవాళ్లం మేము. అలాంటిది తనే మా రేవు వెతుక్కుంటూ వస్తే ఊరుకుంటామా? గూటి మీద తాటాకు పందిరి వేశాం. చుట్టూ సీరియల్ బల్బులు కట్టాం. నీకు సంతోషంగా ఉంటుందని మీ నాన్న ఇద్రీస్ గారి కొట్టు నుంచే తెప్పించాం. పాపం, రంజాన్‌కని దాచిన పచ్చ బల్బులు కూడా ఇచ్చేశారు. ఒడ్డంతా పట్టపగల్లా ఉంది. మైకు సెట్టు పెట్టిన దగ్గర్నుంచి కుక్కల జాడే లేదు. ఆనందపురం నుంచి కూడా జనం వస్తున్నారు. బజ్జీల బండి వెలిసింది.

ఇంతకంటే ఇంటి మనిషిని ఎవరు చూస్తారమ్మా?

ఇట్లు,
శ్రీరామ్మూర్తి

తా.క.: లోపలి పిల్లలకు భక్తి పాటలు పెట్టాలా, సినిమా పాటలా అని మైకు అబ్బాయి అడుగుతున్నాడు. ప్రస్తుతానికి సగం సగం నడుపుతున్నాం.

---

వన్‌టౌన్
మార్చి 9

తాతగారికి నమస్కారాలు.

మీ ఉత్తరం చదివి మంచం దిగబోతే మా అమ్మ షహజాది పట్టుకుని ఆపింది. నాన్నను అడిగితే, నా ఉద్యోగం వల్ల ఇన్నాళ్లకు కొట్టుకు ఒక బేరం వచ్చిందని మురిసిపోతున్నారు.

మీ ప్రేమ నాకు తెలుసు. కానీ తాబేలు పిల్లలు రాత్రిపూట బయటికొస్తాయి. ఎటు వెలుగుంటే అటే నడుస్తాయి. ఒడ్డు చీకటిగా ఉంటే వాటికి సముద్రం మీది ఆకాశమే వెలుగు. ఇప్పుడు బల్బులున్నాయి కనుక పందిరి చుట్టూ తిరిగి, బజ్జీల బండి మీదుగా రోడ్డెక్కుతాయి. రోడ్డు మీద లారీలు.

దయచేసి అన్నీ తీసేయించండి. గూటికి కావలసింది చీకటి. చప్పుడు ఉండకూడదు. బయటివాళ్లు రాకూడదు. ఇంకేమీ వద్దు. పన్నెండో తేదీలోపు, తీసేశామని ఒక్క ముక్క రాయండి.

ఖుష్నుమా

తా.క.: పాటలు వద్దు. రెండు రకాలూ వద్దు.

---

మార్చి 13

చిరంజీవి ఖుష్నుమాకు దీవెనలు.

ఒకరోజు ఆలస్యమైంది, ఏమీ అనుకోకు. నీ రెండో ఉత్తరం చదవగానే ఊరంతా తికమకపడింది. పందిరి ప్రారంభానికి పిలవలేదని నీకు కోపం వచ్చిందని కొందరన్నారు. అర్జునరావైతే నా మీదికే వచ్చాడు.

"మొన్న సూడమంది, ఇయ్యాల సూడొద్దంతంది. ఏటి సెయ్యాల బావా మనం?"

అప్పుడు సన్యాసమ్మ గంప దించి లేచింది.

"ఏటర్థం కానేదు మీకు? సీకటి కావాలంది, సప్పుడు వొద్దంది, బయటోళ్లు రావొద్దంది. అది పురిటిల్లు. మొగోళ్లకి ఎప్పుడు తెలిసింది గనక!"

అంతే, ఆడవాళ్లందరికీ ఒక్కసారిగా అర్థమైపోయింది. సీరియల్ సెట్టు, మైకు, బజ్జీల బండి ఆ పూటే వెళ్లిపోయాయి. ఇప్పుడు రాత్రయితే ఊళ్లో ఒక్క దీపం వెలగదు. టీవీలు లేవు. పసిపిల్లలకు ఘాటు తగలకూడదని ఇళ్లలో పోపు కూడా మానేశారు. మొన్నటి నుంచి చప్పటి పప్పు తింటున్నాను. మైకు పోయింది కాబట్టి కుక్కలు రాకుండా ఆడవాళ్లు వంతులవారీగా కాపలా ఉంటున్నారు.

ఒకటే ఇబ్బంది. పురిటింట్లో మగవాళ్లు అడుగుపెట్టకూడదు కదా. ఒడ్డే పురిటిల్లయింది కాబట్టి మమ్మల్ని ఒడ్డుకు రానివ్వడం లేదు. పడవలు కదలలేదు. వేట లేదు. సన్యాసమ్మకు అమ్మడానికి చేపలే లేవు. అందుకని ఈ ఉత్తరం బస్సు కండక్టరు గోపి చేతికిచ్చాను.

ఇట్లు,
శ్రీరామ్మూర్తి

తా.క.: బారసాలకు పేర్లు కావాలి. నూరుకు పైగా పిల్లలుంటాయన్నావు. ఊళ్లో ఉన్న పేర్లన్నీ అయిపోయాయి. మీ వైపు పేర్లు కొన్ని పంపించు.

---

వన్‌టౌన్
మార్చి 14

తాతగారికి నమస్కారాలు.

దీపాలు తీసేసినందుకు మీ అందరికీ దండం పెడుతున్నాను. కానీ పడవలు వెళ్లాలి తాతగారూ. మగవాళ్లు ఒడ్డుకు రావచ్చు. ఇళ్లలో పోపు పెట్టుకోవచ్చు. తాబేలు ముక్కుకు మీ పప్పు ఘాటు తగలదు.

తాబేళ్లు బతకాలని నేను అడిగింది మీ వలల్లో చేపలు పడాలనే. గూటి కోసం మీ ఇళ్లలో పొయ్యి ఆరితే నేను చెప్పినదంతా తలకిందులైనట్టే. నిన్నటి నుంచి అన్నం సయించడం లేదు. ఉపవాసం వల్ల అని అమ్మ అనుకుంటోంది.

రేవు దీపానికి గూడు వైపు రేకు అడ్డం పెట్టండి. పడవలకు దారి కనబడుతుంది, గూటి మీద వెలుగు పడదు. ఎర్రగుడ్డ కర్ర మీదుగా మాత్రం పడవ లాగవద్దు. ఈ రోజే వేటకు వెళ్లండి. పదిహేడో తేదీలోపు జవాబు రాయండి.

ఖుష్నుమా

తా.క.: అమ్మ చెప్పిన పేర్లు: ఫర్హా, హసన్, జాకీర్. ఇసుక వేడిగా ఉంటే ఎక్కువగా ఆడపిల్లలే పుడతాయి. ఎండలు ముదిరాయి కాబట్టి మగ పేర్లు కొన్ని వచ్చే ఏడాదికి దాచిపెట్టుకోండి.

---

మార్చి 19

చిరంజీవి ఖుష్నుమాకు అనేక దీవెనలు.

ఆలస్యానికి కారణం పురుడే. పిల్లలు సముద్రం చేరాయి. ఈ మాట ముందు మీ ఆఫీసులో చెప్పు.

నీ ఉత్తరం అందిన సాయంత్రమే చదివాను. మగవాళ్లు పెరోల్ దొరికినట్టు రేవుకు పరిగెత్తారు. అర్జునరావు తన పడవకు భుజం ఆనించి తోయబోతే, పడవ కింద ఇసుక కదిలింది. చూస్తే చిన్న చిన్న తలలు. ఆడవాళ్లేమో పందిరి కింద కూర్చుని, పిల్లలు ఎప్పుడొస్తాయా అని ఎదురుచూస్తున్నారు. సంగతేమిటంటే, పందిరి వేసినప్పుడు నీ ఎర్రగుడ్డ కర్ర గుంజకు అడ్డమొస్తే మావాళ్లు పక్కకు జరిపారట. ఎవరు జరిపారో, ఎంత జరిపారో ఎవరూ ఒప్పుకోవడం లేదు. ఇన్నాళ్లూ వట్టి ఇసుకకు పురుడు పోశాం. నిత్యం లాగినట్టే ఈ రోజుల్లో పడవలు లాగి ఉంటే, అసలు గూడు నలిగిపోయేది.

పడవను అడుగు కూడా కదపలేదమ్మా. అందరం చీకట్లో నిలబడిపోయాం. అర్జునరావు ఇసుకలో బోర్లా పడుకుని, దారి తప్పిన ఒకదానికి చేత్తో సముద్రం చూపిస్తూ, "అటు కాదే తల్లీ, ఇటు" అన్నాడు. తాబేళ్లు ఎందుకని అడిగినవాడు వాడే. ఇంకా బతిమాలుతూనే ఉన్నాడు, ఈలోగా అల వచ్చి దాన్ని తీసుకుపోయింది.

ఆ తెల్లవారుజామునే అందరూ వేటకు వెళ్లారు. ఇంతవరకూ బాగుంది.

ఊరు ఇంత చీకటిగా, ఒడ్డు ఇంత ఖాళీగా ఉండటం తాబేళ్లకు నచ్చినట్టుంది. మగవాళ్లు వేటలో ఉండగా ఇంకో మూడు వచ్చి గుడ్లు పెట్టి వెళ్లాయి. ఒకటి సరిగ్గా పడవలు దింపే దారిలోనే పెట్టింది. మీ హేచరీ వాళ్లు వెంటనే వచ్చారు గానీ, పురిటి మంచం కదపనివ్వనని సన్యాసమ్మ వాళ్లను భీమిలి బస్సెక్కించింది. ఆడవాళ్లంతా కలిసి పాత వలలు తెచ్చి, కర్రలు పాతి, రేవు మొత్తానికి కంచె కట్టేశారు. దాని తలుపు తాళంచెవి సన్యాసమ్మ బొడ్లో ఉంది. మా పడవలు పక్క పల్లె రేవులో పెట్టుకున్నాం. నిన్నటి నుంచి వాళ్లూ దీపాలు ఆర్పడం మొదలుపెట్టారు.

ఇట్లు,
శ్రీరామ్మూర్తి

తా.క.: కంచె వేస్తామన్న మీ దేవీప్రసాద్ గారిని తీసుకొచ్చి, మా కంచె తీయించి పెట్టగలవా? పడవ పట్టేంత సందు చాలు. సన్యాసమ్మ నీ మాటైతే వింటుంది. ఇరవై నాలుగో తేదీలోపు జవాబు రాయగలవు. ఆ తరవాత మమ్మల్ని ఊళ్లో కూడా ఉండనిస్తారో లేదో తెలియదు.