గూడబాతు తెలుపు

ఏవండీ,

మీరు పోయి ఇవాళ్టికి ఏడాది. పొద్దున్నే మీ కెమెరా మెడలో వేసుకుని కొల్లేరు వెళ్ళాను. పడవాయన "మీరు తియ్యగలరాండీ?" అన్నాడు. "చూద్దురుగాని, పోనివ్వండి," అన్నాను.

నల్లటి నీళ్ళ మీద తెల్లటి గూడబాతు. నీళ్ళ నలుపు చూసి కెమెరా వెలుగు పెంచేస్తుందని, వెలుగెక్కువై తెలుపు ఒకసారి కాలిపోతే ఫొటోలో ఈకలు తిరిగి రావని ఎన్నిసార్లు చెప్పారో! అందుకే ఆ వెలుగు, అదే ఎక్స్‌పోజర్, ఒక స్టాప్ తగ్గించి నొక్కాను. ఈక ఈకా విడిగా వచ్చింది.

రెండేళ్ళ కిందట ఇదే పడవలో మీ ఫొటో తీస్తూ వెలుగు తగ్గించడం మర్చిపోయాను. మీ తెల్లచొక్కా మడతలన్నీ కాలిపోయాయని డిలీట్ చెయ్యమన్నారు. నేను చెయ్యలేదు. మీరు చెప్పినట్టు తగ్గించి ఉంటే, చొక్కా బాగానే వచ్చేది గాని, నీడలో ఉన్న మీ నవ్వు చీకట్లో పడేది. ఏమన్నా అనుకోండి, ఫ్రేము కట్టించింది దాన్నే.

మీ సత్య