కొండ చుట్టూ విమానం

పోర్ట్ లూయీ,
28 జూన్ 1934

నరసయ్య బావగారికి సన్యాసి నమస్కరించి వ్రాసేది. అక్కడ మీరూ, అక్కా, వంకాయ తోటా క్షేమమని తలుస్తాను. ఇక్కడ దోమలు మాత్రమే క్షేమం.

మా విమానాల కంపెనీ మునిగిపోతోంది బావా. విమానాలు అన్న మాటే గాని ఉన్నది ఒకటే. పంచదార ధర పడిపోయినప్పటినుంచి ఎస్టేటు దొరలు పక్క దీవికి ఓడల్లో పోతున్నారు. జూలై నెలాఖరుకి డెబ్బై టిక్కెట్లు అమ్ముడవకపోతే బ్యాంకు వాళ్ళు తాళం వేస్తారని మేనేజరు రోజర్ దొర చెప్పాడు. నా గుమాస్తా పని పోతే మీ ఊరు కాంప్ ద మాస్క్ వచ్చి మీతో వంకాయలు పండిస్తాను. ఈ సంగతి ఎవరికీ చెప్పకండి.

మీ బావమరిది
సన్యాసి

తా.క. విమానాన్ని విప్పి అమ్ముతారట. అక్క రవికలకి రెక్కల గుడ్డ కావాలేమో అడగండి.

కాంప్ ద మాస్క్,
2 జూలై

చిరంజీవి సన్యాసిని నరసయ్య బావ దీవించి వ్రాసేది. అక్షరాలు వంకరగా ఉంటే సర్దుకో. నేను బడికి వెళ్ళింది రెండేళ్ళు, అందులో ఒక ఏడు పంతులుకి జ్వరం.

నువ్వు వంకాయలు పండిస్తావా? పోయినసారి వచ్చి కలుపు తీస్తానని మొక్కలు పీకి కలుపు ఉంచావు. నా తోట బతకాలంటే నీ ఉద్యోగం నిలవాలి. అందుకని పూనుకున్నాను.

నువ్వన్నట్టే ఎవరికీ చెప్పలేదు. మీ అక్క పాపమ్మకి ఒక్కదానికే చెప్పాను. సాయంత్రానికి ఊరంతా నన్ను పరామర్శించింది.

మన ముసలాళ్ళు విశాఖపట్నం వైపునుంచి ఈ దీవికి చెరకు కూలికి ఓడెక్కుతూ సింహాద్రి అప్పన్న మొక్కు కూడా మోసుకొచ్చారు కదా. ఆషాఢంలో కొండ చుట్టూ తిరగాలి. ఇక్కడ ఊరి వెనక కొండకే అప్పన్న కొండ అని పేరు పెట్టుకున్నారు. దాని చుట్టూ ఎస్టేటు చెరకు, చెరకు చుట్టూ ఎస్టేటు కుక్కలు. ముప్పై ఏళ్ళుగా మొక్కులన్నీ అలాగే పడి ఉన్నాయి. నేను భజన మందిరంలో లేచి ఒక్కటే అడిగాను: "కుక్కలు ఆకాశంలోకి ఎగరగలవా?"

పూజారి కొండయ్య తాత రెండు రోజులు ఆలోచించి ఒప్పుకున్నాడు. విమానంలోనే మూడు చుట్లు. కొండ కుడిచేతి పక్కనే ఉండాలి. కాళ్ళకి చెప్పులు కూడదు. ముప్పై ఐదుగురు పేర్లిచ్చారు. మేం కూరగాయల వాళ్ళం, పంచదార పడిపోతే వంకాయకేం?

నీ బావ
నరసయ్య

తా.క. చెప్పులు కూడదన్నది విమానం నడిపేవాడికి కూడా. బూట్లు విప్పించు.

పోర్ట్ లూయీ,
14 జూలై

బావగారికి, ఇంకా బతికే ఉన్న సన్యాసి నమస్కారాలు.

ఎంత పని చేశారు బావా! ముందుగా పదకొండు మంది మా విమానం ఉండే ట్రియోలే పక్క మైదానంలో దిగారు. ముత్యాలమ్మ పిన్ని విమానం చక్రాలకి పసుపు రాసింది. ఎంకన్న మామ ముక్కు మీద కొబ్బరికాయ కొట్టాడు. విమానం ముక్కు మీదే లెండి. కూలీలు తిరగబడ్డారనుకుని రోజర్ దొర బల్ల కింద దూరి, పోలీసుని పిలవమన్నాడు. విమానం నడిపే మార్సెల్ బూట్లు విప్పనన్నాడు. పిన్ని కింద కూర్చుని తనే లాగేసింది. అవి ఇంతవరకూ దొరకలేదు.

ఇద్దరేసి చొప్పున ఎగిరారు. ఎక్కినవాళ్ళలో ఒక్కరూ కళ్ళు తెరవలేదు. "అప్పన్నా, గోవిందా" అన్న కేకలు మాత్రం మైదానం దాకా వినిపించాయి. ఇవాళ్టితో మీ ముప్పై ఐదుగురూ అయిపోయారు. టిక్కెట్టు కొని చేసే సమ్మె ఎక్కడా చూడలేదని దొర ఆశ్చర్యపోతున్నాడు. అయినా ఏం లాభం? ఇంకా సగం మిగిలింది. నాకో గుద్దలి చూసి ఉంచండి.

మీ
సన్యాసి

తా.క. పోలీసు వచ్చాడు. అప్పటికి దొర టిక్కెట్ల డబ్బు చూసి ఉన్నాడు. పోలీసుకి కూడా ఒక టిక్కెట్టు అమ్మాడు.

కాంప్ ద మాస్క్,
17 జూలై

చిరంజీవి సన్యాసికి దీవెనలు, మీ కంపెనీకి చీవాట్లు.

ఒరే, ఆ మార్సెల్‌కి కుడి ఎడమలు తెలుసా? నేను వంకాయ మడిలో నిలబడి నా రెండు కళ్ళతో చూశాను. కొండని ఎడమచేతి పక్కన పెట్టి తిప్పాడు! మొక్కు చెల్లలేదు సరిగదా, వెనక్కి తిరిగిపోయింది. ఊళ్ళో గగ్గోలు. ఎక్కినవాళ్ళని అడిగితే కళ్ళు మూసుకున్నామంటారు. చూసినవాణ్ణి నేనొక్కణ్ణే.

కొండయ్య తాత తల పట్టుకుని, మొత్తం మళ్ళీ తిరగాల్సిందేనన్నాడు. ముప్పై ఐదుగురూ పున్నమిలోగా వస్తున్నారు. డబ్బు వెనక్కిమ్మని అడగబోతే నేనే ఆపాను. దేవుడి పని ఊరికే చేయించుకోకూడదని చెప్పాను.

నరసయ్య

తా.క. నన్నెక్కమని అడక్కు. వంకాయలకి కాపలా ఎవరుంటారు? నాకు భయమని మీ అక్క అంటోంది. ఆడవాళ్ళ మాటలు.

పోర్ట్ లూయీ,
3 ఆగస్టు

మా కంపెనీకి ప్రాణం పోసిన బావగారికి హెడ్ గుమాస్తా సన్యాసి సాష్టాంగ నమస్కారాలు.

అవును, హెడ్ గుమాస్తా! డెబ్బై ఒక్క టిక్కెట్లు! తాళం పట్టుకుని వచ్చిన బ్యాంకు దొర మెడలో ముత్యాలమ్మ పిన్ని బంతిపూల దండ వేసింది. ఆయన తాళం జేబులో పెట్టుకుని టీ తాగి వెళ్ళాడు. కూరగాయల వాళ్ళు రెండేసిసార్లు ఎగురుతుంటే తాము ఓడలో కక్కుకుంటూ పోవడమేమిటని ఎస్టేటు దొరలందరూ తిరిగొచ్చారు. రోజ్ బెల్ భజన సంఘం వాళ్ళు తమ కొండకి ఎప్పుడొస్తారని ఉత్తరం రాశారు. రెండో విమానానికి ఆర్డరు వెళ్ళింది. మార్సెల్ ఇప్పుడు వట్టికాళ్ళతోనే నడుపుతున్నాడు, అలా అయితేనే ఇంజను మాట వింటోందట.

ఇక అసలు సంగతి. నిన్న అక్క ఆఫీసుకి వచ్చింది. నా మొదటి ఉత్తరం అందిన రోజే మొక్కుకుందట, నా ఉద్యోగం నిలిస్తే తన మొగుడు ఆకాశంలో పదకొండు చుట్లు తిరుగుతాడని. మీకూ, తనకూ టిక్కెట్లు కొనేసింది. ఆదివారం పొద్దున్నే రండి.

మీ
సన్యాసి

తా.క. బాల్చీ ఒకటి సిద్ధం చేశాం.

కాంప్ ద మాస్క్,
12 ఆగస్టు

హెడ్ గుమాస్తా గారికి నరసయ్య వ్రాసేది. నేల మీద కూర్చునే వ్రాస్తున్నాను.

తిరిగాను. పదకొండు చుట్లూ తిరిగాను. బాల్చీకి కృతజ్ఞతలు.

నేను కళ్ళు మూసుకున్నాను. మీ అక్క మాత్రం ఎద్దుబండిలో తిరునాళ్ళకి వెళ్తున్నట్టు దర్జాగా నాలుగు పక్కలా చూసింది. మూడో చుట్టులో అంది, "ఏమయ్యా, కొండ కుడిపక్కనే ఉందే!" నేను బాల్చీలో తల పెట్టాను. అది ముందుకి వంగి మార్సెల్ భుజం తట్టి, మొదటి రోజుల్లో ఎటు తిప్పావని కేకేసి అడిగింది. "ఎప్పుడూ ఇటే అమ్మా. సన్యాసి మొదటి రోజే కుడి అని ముగ్గుపిండితో గుర్తు పెట్టాడు" అన్నాడు.

అప్పుడు మీ అక్క నా వైపు తిరిగింది. ఇంకా ఎనిమిది చుట్లున్నాయి. ఆ ఎత్తున పారిపోవడానికి చోటుండదురా.

అబద్ధమాడానన్న కోపం తప్ప దానికి వేరే కోపం లేదు, తమ్ముడి ఉద్యోగం నిలిచింది కదా. అందుకని ఊళ్ళో చెప్పదట. కాని ముప్పై ఐదుగురిని ఉత్తిపుణ్యానికి తిప్పిన దోషం ఎవరో ఒకరు తీర్చుకోవాలిగా? మనిషికో యాత్ర చొప్పున నేనే తిరగాలట. నెలకొకటి.

నీ ఉద్యోగానికి మూడేళ్ళ దాకా ఢోకా లేదు.

నీ బావ
నరసయ్య

తా.క. బాల్చీ కొంచెం పెద్దది చూడు.