నౌషీన్ సొంత మాట

జుబైల్, సౌదీ అరేబియా,
ఆదివారం ఉదయం.

ప్రియమైన అమ్మకు,

నీ పెద్దకూతురు సాబేరా సలాములు చెప్పి రాస్తున్నది. అల్లా దయవల్ల నేనూ, నీ అల్లుడూ, నీ మనవరాలు నౌషీనూ కులాసాగా ఉన్నాం. నువ్వూ, తమ్ముడూ అలాగే ఉన్నారని నమ్ముతాను. ఖయ్యూమ్ అన్న ప్రొద్దుటూరు నుంచి తెచ్చిన నీ ఉత్తరం, పచ్చడి రెండూ భద్రంగా చేరాయి. పచ్చడి మూడు రోజుల్లో ఖాళీ. ఉత్తరం మాత్రం ఇంకా చదువుకుంటున్నాను.

ముందు నువ్వడిగినవి చెప్తాను. నీ అల్లుడికి ప్లాంటు ఆపి మరమ్మతులు చేసే షట్‌డౌన్ పని అయిపోయింది, ఇప్పుడు వేళకు తిని వేళకు పడుకుంటున్నారు. నీ విజిట్ వీసా కాగితాలన్నీ సరిగా ఉన్నాయట, దిగులు పెట్టుకోకు. మక్కాలో ఉమ్రా చేసేటప్పుడు నీ మోకాళ్లకు ఇబ్బంది లేకుండా చక్రాల కుర్చీ దొరుకుతుంది. వచ్చేటప్పుడు చీరలు తక్కువ, చెనక్కాయల పొడి ఎక్కువ పెట్టుకో. ఇక, "నా మనవరాలితో రెండు నెలలు తనివితీరా మాట్లాడాలి" అని రాశావు చూడు, దానికి జవాబు కాస్త పెద్దది.

మొన్న గురువారం సాయంత్రం నుంచి శనివారం మధ్యాహ్నం దాకా మేం ధహ్రాన్ అవతల ఒక తోట ఇంట్లో ఉన్నాం. ఇక్కడ వారాంతాలకు అలాంటివి అద్దెకిస్తారు. తెలుగు కుటుంబాలు పన్నెండు కలిసి, పిల్లలకు మాట రావాలని పెట్టుకున్న ఏర్పాటు ఇది. నువ్వు వస్తున్నావని ఈసారి మేమూ చేరాం. గేటు దాటితే అందరూ తెలుగే మాట్లాడాలి. నమాజుకు తప్ప దేనికీ మినహాయింపు లేదు. వేరే భాషలో నోరు జారినవాళ్లు వంటింట్లో ఎర్రగడ్డలు ఒలవాలి.

మొదట దొరికిపోయింది ఎవరనుకున్నావు, నీ కూతురే. దిగీ దిగగానే నౌషీన్‌ను చెప్పులేసుకోమని ఉర్దూలో గదిమాను. చుట్టూ ఉన్న పిల్లలు చప్పట్లు కొట్టి నా ముందు పెద్ద బేసిను పెట్టారు. ఆ రాత్రి బిర్యానీకి సరిపడా ఒలిచాను. నీ అల్లుడు పక్కన నిలబడి ఒకటే నవ్వు. ఆ నవ్వులో ఆయన నోట కూడా ఇంగ్లీషు ముక్క ఊడిపడింది, ఇంకో బేసిను వచ్చింది. పెళ్లయ్యాక మేమిద్దరం అంతసేపు కూర్చుని కబుర్లు చెప్పుకోవడం అదే మొదలేమో.

ఆ తోటను చూసుకునే మనిషి పేరు నర్సింలు, జగిత్యాల వైపు వాడు. శుక్రవారం పొద్దున నౌషీన్ కనబడక వెతుక్కుంటూ వెళ్తే, అతనితో పాటు ఖర్జూరపు చెట్లకు నీళ్లు పెడుతోంది. దాని నోరు ఆగడం లేదమ్మా. మేమిద్దరం మాట్లాడుకునేటప్పుడు చెవిన పడ్డ ముక్కలే, సగం మాటలు వంకర, సగం చేతి సైగలు. అతను దేన్నీ సరిచేయడు, ఊ కొడుతూ ఇంకో ప్రశ్న వేస్తాడు. నన్ను చూసి, "మీ పాప మాట్లాడుతుంటే మంచిగనిపిస్తుందమ్మా. పొద్దుగాల్నుంచి చెట్లకు నీళ్లు వట్టుడే గని, నాతోని తెలుగు మాట్లాడెటోళ్లు ఎవ్వరున్నరు" అన్నాడు. ఇంట్లో అది తెలుగులో నోరు విప్పితే చాలు, నేను తప్పు పట్టేదాన్ని. దాని నోరు మూయించింది నేనేనని అక్కడ నిలబడ్డప్పుడు తెలిసింది.

శనివారం చివర్లో పిల్లలు ఒక్కొక్కరే లేచి తమవాళ్లలో ఒకరి గురించి నాలుగు మాటలు చెప్పాలన్నారు. నేను అలవాటు కొద్దీ నాలుగు తెలుగు వాక్యాలు ఇంగ్లీషు అక్షరాల్లో రాసి, ఎవరూ చూడకుండా నౌషీన్ చేతిలో పెట్టాను. అది కాగితం మడిచి నాకే తిరిగిచ్చి, ముందుకెళ్లి నిలబడింది.

"మా అవ్వ వస్తది. అవ్వతోని నేను మస్తు మాట్లాడాలె. ఫోన్లో మాట్లాడేది నా మాట కాదు. మమ్మీ రాస్తది, నేను చదువుతా."

అమ్మా, అందరూ చప్పట్లు కొట్టారు. నాకు మాత్రం తల ఎత్తబుద్ధి కాలేదు. అది చెప్పింది నిజం. ప్రతి శుక్రవారం వీడియోలో నిన్ను పలకరించే ఆ నాలుగు ముక్కలూ నేను రాసినవే. ఫోన్ వెనక కాగితం పట్టుకుని నిలబడేదాన్ని. "నా మనవరాలు చిలక పలుకులు పలుకుతుంది" అని నువ్వు వీధంతా చెప్పుకుంటుంటే మురిసిపోయాను కూడా.

ఎందుకిలా చేశానంటే, వచ్చిన కొత్తలో ఒక దావత్‌లో నా వచ్చీరాని ఉర్దూ విని ఒకామె, మీరు నిజంగా ముసల్మానులేనా అంది. వేళాకోళానికే అంది. నాకు ఆ పూట అన్నం సహించలేదు. మనింట్లో తరతరాలుగా తెలుగే కదా, ఆ మాట నా బిడ్డ పడకూడదని దాని ముందు తెలుగు మానేశాను. నీకూ దానికీ మధ్య మాటే లేకుండా చేశాను. నన్ను క్షమించు. తిట్టాలనుకుంటే తెలుగులోనే తిట్టు, అది కూడా విననీ.

నిన్న తిరిగొచ్చినప్పటి నుంచి మా ఇంట్లో తెలుగే. కడప మాట వింటానని నువ్వు ఎదురుచూస్తావేమో, వినబడేది నర్సింలు దగ్గర పట్టిన జగిత్యాల మాట. నవ్వుకో, కానీ దిద్దకు. అవ్వకు ఎద్దులబండి తోలడం వచ్చా, అవ్వ చిన్నప్పుడు దెబ్బలు తిన్నదా అని నన్ను అడిగి చంపుతోంది. నాకేం తెలుసు, అవ్వనే అడుగు అన్నాను.

ఈ సంగతి ఫోన్లో చెప్పే ధైర్యం లేక, రేపు సెలవు మీద మన ఊరికి బయలుదేరుతున్న జానీ చేతికి ఉత్తరం ఇస్తున్నాను. శుక్రవారం ఫోన్ నౌషీనే చేస్తుంది. నేను వంటింట్లో ఉంటాను, కాగితం ఉండదు. మధ్యలో అది ఆగిపోతే లైను తెగిందనుకుని పెట్టేయకమ్మా. నీకోసం మాట వెతుక్కుంటూ ఉంటుంది.

ఇట్లు,
నీ నోటి తిట్లకు కాచుకుని ఉన్న
నీ పెద్దకూతురు
సాబేరా