గురమ్మ నోట్లో నిప్పు

మంగళవారం, రాత్రి

నిద్ర రావడం లేదు. పెళ్ళిళ్ళ స్టూడియో వదిలి సొంతంగా మనుషుల ఫొటోలు తీయడం మొదలుపెట్టాక, ఇది నా ఫొటో అనిపించేది ఇవాళే దొరికింది.

ఈ బెంగాలీల నగరంలో, ఖిదిర్‌పూర్‌లో ఉండే గురమ్మ మామ్మ ఫొటో తీయమని ఆమె కొడుకు పిలిచాడు. అతను పక్కన ఉన్నంతసేపూ ఆమె పట్టుచీరలో బిగుసుకుని, పాస్‌పోర్టు ఫొటోకు కూర్చున్నట్టే కూర్చుంది. ఆ ఫొటోలు అయ్యాక అతను చాయ్ తేవడానికి కిందికి వెళ్ళాడు. మామ్మ బొడ్లోంచి చుట్ట ముక్క తీసి వెలిగించి, మా శ్రీకాకుళం ముసలమ్మల్లాగే నిప్పున్న వైపు నోట్లోకి తిప్పి పెట్టుకుంది.

"మానేసినాననుకుంతన్నాడు మావోడు" అంటూ నవ్వింది. కిటికీ వెలుగు ఒక చెంప మీద, నోటి లోపల ఎర్రగా నిప్పు. షట్టర్ నొక్కేశాను.

కెమెరాలో చూపిస్తే చాలాసేపు చూసింది. "ఇది నానే. ఆ పట్టుసీరలో ఉన్నది ఎవులో. మావోడికి ఇప్పుడు సూపించకు బావు. నాను పోయినాక ఇదే గోడకెట్టమను."

సరేనన్నాను. మెట్ల మీద అడుగుల చప్పుడు వినగానే నోరు మూసేసింది. పొగ జాడ కూడా లేదు.

"అమ్మ బాగా వచ్చిందా దాదా?" అన్నాడు కొడుకు, చాయ్ అందిస్తూ.

"చాలా బాగా" అన్నాను.

ఈ ఫొటో ఊరందరికీ చూపించాలని ఉంది. అలా చూపించే రోజు ఇప్పట్లో రాకూడదనీ ఉంది.