తొలి విలువ

బావా,

"పొద్దున్నే వచ్చి ఆ సున్నా తీసేసి ఒకటి పెడతాలే" అని పాతికేళ్ల కిందట నాకు మాటిచ్చి మరిచావు. మన సి భాష ప్రోగ్రాంలో సెమాఫోర్ అనే కాపలాదారు లెక్క ఒకటితో మొదలైతే థ్రెడ్లనే పనులు ఒక్కొక్కటిగా ప్రింటరు దగ్గరికి వెళ్తాయి. సున్నాతో మొదలైతే అన్నీ గుమ్మం బయటే పడిగాపులు కాస్తాయి. మర్నాడు ఆఫీసంతా పగలంతా అలాగే కాసింది.

"ఎవడయ్యా ఈ సున్నా పెట్టిన మహానుభావుడు?" అని మేనేజరు అరిస్తే నువ్వు నావైపు చూశావు. "ఆయన ఉద్యోగం పోతే నేనేమైపోవాలి అన్నయ్యా?" అని మా చెల్లి ఏడిస్తే, తప్పు నెత్తిన వేసుకుని నా ఉద్యోగం వదిలాను.

ఇప్పుడు సెమాఫోర్లకు తొలి విలువ పెట్టడం మీద పుస్తకం రాసి, నన్నే ముందుమాట అడుగుతావా? రాస్తాను: "ఈ విషయం గ్రంథకర్తకు స్వానుభవం, శిక్ష మాత్రం పరానుభవం." ధైర్యముంటే అచ్చు వేయించు.

మేనేజరునూ చెల్లినీ ఏనాడో క్షమించాను. నేటికీ క్షమించనిది నిన్నొక్కణ్ణే, బావా.