త్వరలో అంటే ఎన్నాళ్ళు?

తెనాలి,
7-9-2025

నాన్నకి, మండిపోతూ నీ సుధ రాస్తున్నది -

శనివారం వస్తానని చెప్పి రాలేదేమని అమ్మ రెండుసార్లు ఫోన్ చేసింది. పని పడిందన్నాను. అబద్ధం. నేను వచ్చాను నాన్నా. రేపల్లె స్టేషన్‌లో దిగి, సెంటర్ దాకా నడిచి, నువ్వు కట్టించిన ఫ్లెక్సీ చూసి, వెనక్కి తిరిగి మళ్ళీ అదే రైలెక్కి తెనాలి వచ్చేశాను. ఈ మాట ఫోన్లో చెబితే ‘సరేలేవే, చూద్దాంలే’ అని పెట్టేస్తావు. కాగితానికైతే మధ్యలో అడ్డు తగల్లేవు కదా. అందుకే రాస్తున్నాను. చివరిదాకా చదువు.

ఆ ఫోటో ఎక్కడ దొరికింది నీకు? అత్తయ్య మనవరాలి ఓణీల ఫంక్షన్లో, నోట్లో కిళ్ళీ పెట్టుకుని, ఒక కన్ను మూసి ఒక కన్ను తెరిచి ఉన్నప్పుడు తీసింది. దాన్ని మనిషంత ఎత్తున వేయించావు. పైన నీ ఫోటో, నాదానికన్నా పెద్దది, ఎలక్షన్లో నిలబడ్డట్టు చేతులు జోడించి. కింద ఎర్రటి అక్షరాలు: ‘రేపల్లె ఆడబిడ్డ సాయిసుధ తయారు చేసిన వీడియో గేమ్ “పోటు వేళ”, విజయదశమికి విడుదల.’ నేను తయారు చేసిన ఆటకి, నాకే తెలియని తేదీ!

నేను దాని ముందు నిలబడి ఉండగానే టీ కొట్టు కొండయ్య చూశాడు. “ఏంటి డాక్టరమ్మా, గేమంట గదా! దసరాకేనంట గదా! మా మనవడు రోజూ అడుగుతున్నాడమ్మా, ఎన్నాళ్ళుందీ అని. మనూరోళ్ళకి ఫ్రీయేనా?” అన్నాడు. “చూద్దాం బాబాయ్” అని అక్కణ్ణించి కదిలాను. ఇంటికి రావడానికి కాళ్ళు రాలేదు.

రైల్లోంచి బాపట్ల పిన్నికి ఫోన్ చేస్తే మిగతా కథ తెలిసింది. శ్రావణ మాసంలో వాళ్ళింట్లో పెళ్ళికి నేను పని ఉండి రాలేదు కదా, ఆ పెళ్ళిలో ఆర్కెస్ట్రా వాళ్ళ చేతిలోంచి మైకు తీసుకున్నావట. మా అమ్మాయి ఆట చేసిందహో అని పెళ్ళికొచ్చిన వాళ్ళందరికీ చెప్పావట. అంతటితో ఆగావా? తలంబ్రాలు పోయించిన పంతులుగారినే పక్కకి తీసుకెళ్ళి, నా ఆటకి ముహూర్తం పెట్టించావట! కప్పు పడని ఇంటికి గృహప్రవేశం ఎవరైనా పెట్టుకుంటారా నాన్నా? ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అని మనవాళ్ళు ఊరికే అన్నారా?

అసలు ఆ ఆట ఏ స్థితిలో ఉందో నీకు తెలుసా? నీకు ‘ఏదో కంప్యూటర్ పని’ అని చెప్పిన పని ఇదే. నాలుగేళ్ళుగా ఇక్కడ జిరాక్సు షాపు పైగదిలో నేనూ, మనీషా, జయకృష్ణా చేస్తున్నది ఇదే. బొమ్మలు మనీషావి, శబ్దాలు జయకృష్ణవి, దాన్నంతా నడిపించేది నేను. లంక గ్రామాలకి వరదొస్తుంది. ఆడేవాడి చేతికి ఒక పడవ ఉంటుంది. సముద్రం పోటు మీదకి వచ్చేలోగా ఊళ్ళో వాళ్ళని గట్టుకి చేర్చాలి. చెప్పడానికి ఇంతే. కానీ ఇవాళ్టికి వరద నీళ్ళు నీళ్ళలా కదలడం లేదు. పడవ ఒక్కోచోట గట్టులోకి దూరిపోతుంది. పడవెక్కిన ముసలమ్మ రేవు దాటేసరికి మాయమవుతుంది. కథకి ముగింపే లేదు. దీన్ని దసరాకి విడుదల చేయమంటావా?

‘సగమైనా వదిలెయ్యి, తర్వాత బాగు చేసుకోవచ్చు’ అన్నావట పిన్నితో. ఆటకి మొదటి రోజు ఒక్కటే ఉంటుంది నాన్నా. ఆ రోజు కొన్నవాళ్ళు ఛీ అని రాస్తే, ఆ ఛీ ఆట అమ్మే పేజీ మీదే ఉండిపోతుంది. తర్వాత నువ్వెంత బాగు చేసినా చూడటానికి ఎవడూ రాడు. ఈ తేదీ సంగతి మీద మేం ముగ్గురం ఎంత కొట్టుకున్నామో ఆ గదికి తెలుసు. ఆర్నెల్లకన్నా ముందు చెబితే జనం వేడి చల్లారిపోతుందని మనీషా అంటుంది. ముందునుంచీ చెప్పుకోకపోతే ముగ్గురు తెనాలి వాళ్ళ మొహం చూసి ఎవరు కొంటారని జయకృష్ణ అంటాడు. పెద్ద పెద్ద కంపెనీలే ఏళ్ళ ముందు తేదీ చెప్పేసి, వాయిదాల మీద వాయిదాలు వేసి, చివరికి తిట్లు తిన్నాయి. చివరికి ఒక మాట అనుకున్నాం. పరాయివాళ్ళు మొదట్నించి చివరిదాకా ఆడి, ఎక్కడా ఆగలేదని చెప్పేదాకా ఎవరం ఏ తేదీ నోటెంట రానివ్వకూడదని. ఆ మాట ముగ్గురం నిలబెట్టుకున్నాం. అమ్మకి మాత్రం ఒకసారి నోరు జారి ఆట సంగతి చెప్పాను. ఆవిడ నీతో అన్నట్టుంది. ఇక నీ చేతిలో మైకుంటే ఆగుతావా?

ఇంకో మాట కూడా రాస్తాను. ఇన్నేళ్ళూ రాయలేదు. ఇంటర్ రెండో సంవత్సరంలో నేనింకా పరీక్ష రాయకముందే, మా అమ్మాయికి మెడిసిన్ సీటు ఖాయమని ఊరంతా చెప్పావు. ఎరువుల కొట్లో చెప్పావు, కాకుమానులో మామయ్య వాళ్ళకి చెప్పావు, బస్సులో పక్క సీటు వాడికి కూడా చెప్పావు. సీటు రాలేదు. నువ్వు నన్ను ఒక్క మాట అనలేదు, నిజమే. కానీ ఆ ఎండాకాలమంతా నేను గుమ్మం దాటలేదు, నీకు గుర్తుందా? ‘ఎండలే, మంచిదే’ అనుకున్నావు. ఎవరెదురైనా ‘ఏ కాలేజీలో వచ్చిందమ్మా’ అంటారని భయం నాన్నా. కొండయ్య ఇప్పటికీ నన్ను డాక్టరమ్మా అనే పిలుస్తాడు. ఎగతాళికి కాదు, పాపం, అలవాటైపోయింది. పిలిచిన ప్రతిసారీ సిగ్గుతో చచ్చిపోతాను. నేను ఏమవుతానో నాకన్నా ముందు ఊరికి చెప్పడం నీకు సరదా. అది అవకపోతే మొహం దాచుకోవాల్సింది మాత్రం నేను.

కాబట్టి విను. దసరాకి ఆట రాదు. నేనూ రాను. తేదీ చెప్పింది నువ్వు, వెనక్కి తీసుకోవాల్సిందీ నువ్వే.

ఇట్లు,
నీ కూతురు సాయిసుధ
(డాక్టర్ కాదు)



రేపల్లె,
12-9-2025

మా సుధమ్మకి, అక్షింతలు బాగా వేయించుకున్న నాన్న దీవించి రాసేది -

నీ ఉత్తరం ముందు నేను చదివాను, తర్వాత మీ అమ్మ గట్టిగా చదివి నాకే మళ్ళీ వినిపించింది. ఊళ్ళోకి వచ్చి గుమ్మం తొక్కకుండా పోయావని తెలిసి ఆ పూట అన్నం సహించలేదు. మర్నాడు పొద్దున్నే ఫ్లెక్సీ కట్టిన ఆదాముని తీసుకుని సెంటర్‌కి వెళ్ళి ఫ్లెక్సీ దింపించాను. కొండయ్య కొట్టు దగ్గరే నిలబడి, తేదీ తప్పు చెప్పింది నేను, అమ్మాయిని ఎవరూ అడగొద్దు, అడగాలంటే నన్నడగండి అని చెప్పాను. బాపట్ల వాళ్ళకి ఒక్కొక్కళ్ళకీ ఫోన్ చేసి అదే చెప్పాను. నవ్వినవాళ్ళు నవ్వారు. నవ్వనీ.

మెడిసిన్ సంగతి. నువ్వు ఎండకి బయటికి రాలేదనే అనుకున్నాను తల్లీ. సీటు రానందుకు నా పరువు పోయిందని నువ్వనుకుంటావేమోనని నిన్ను ఏమీ అనకుండా ఊరుకున్నాను. అదే గొప్ప అనుకున్నాను. నీ భయం నాకు తెలియలేదు. ఇందులో నేను చెప్పుకోవడానికి ఏమీ లేదు.

కానీ నాకూ కోపముంది. నువ్వు రాశావు, ఇప్పుడు నేను రాస్తాను, నువ్వూ చివరిదాకా చదువు.

నీ ఆట సంగతి మీ అమ్మ నాకు ఒక్క ముక్క చెప్పలేదు. ఆవిడకి తెలుసన్న సంగతే నీ ఉత్తరం చూశాక తెలిసింది. బాపట్ల పెళ్ళిలో నా పక్కన విస్తట్లో పెళ్ళికొడుకు తరపు కుర్రాడొకడు కూర్చున్నాడు, ఇంజనీరింగ్ చదువుతున్నాడట. మాది రేపల్లె అనగానే ఫోన్ తీసి, “ఇది చూడండి మావయ్యగారూ, ఈ గేమ్ మీ వైపు వాళ్ళే ఎవరో చేస్తున్నారంట. మా హాస్టల్లో అందరం దీనికోసమే చూస్తన్నామండి” అన్నాడు. చూద్దును కదా, మన కాలవ. మన లాకులు. మన లంకల్లో పడవ. కింద నీ పేరు. ఎడం చేత్తో కళ్ళజోడు పెట్టుకుని మళ్ళీ చూశాను, నీ పేరే.

“నెట్లో ఎప్పుడు పెట్టారు బాబూ ఇది” అన్నాను. “రెండేళ్ళయిందండి” అన్నాడు. జపాన్ వాళ్ళూ, బ్రెజిల్ వాళ్ళూ అందులో నీకు రాసిన మాటలు కూడా చదివి చెప్పాడు. నిన్నెరగని వాళ్ళు, రేపల్లె ఎక్కడుందో తెలియని వాళ్ళు, రెండేళ్ళుగా నా కూతురు ఏం చేస్తోందో తెలుసుకుని ఎదురుచూస్తున్నారు. నేనేమో నిన్ను కన్నవాణ్ణి, ఎవరైనా అడిగితే ‘ఏదో కంప్యూటర్ పనంట’ అని చెబుతున్నాను. సంతోషమో, ఏడుపో, కోపమో నాకే తెలియదు. లేచి చెయ్యి కడుక్కుని వెళ్ళి మైకు తీసుకున్నాను. జరిగింది అదీ.

ఇక తేదీ అంటావా? ఎప్పుడొస్తుంది బాబూ అంటే, ‘త్వరలో’ అని రాసుందండి అన్నాడు. నేను వ్యవసాయం చేసేవాణ్ణి. నారు పోసిన దగ్గర్నుంచి కోతల దాకా ఐదు నెలలు. మాకు త్వరలో అంటే ఈ వారమో వచ్చే వారమో. రెండేళ్ళ కిందట ‘త్వరలో’ అన్నారంటే ఈపాటికి అయిపోయే ఉంటుందనుకున్నాను. ఎదురుగా పంతులుగారుంటే దగ్గర్లో మంచిరోజు అడిగాను. రెండేళ్ళ త్వరలో ఎక్కడైనా ఉంటుందా అమ్మా? నేను చెప్పింది దొంగ తేదీ అయితే, నువ్వు రాసింది ఏంటి?

నారుమడి పోసిన రోజునుంచీ రోడ్డు మీద పోయే ప్రతివాడికీ చేను కనిపిస్తుంది. పిలకలు బాగా వేసిందో, తెగులు పట్టిందో అందరూ చూస్తారు. మేం దాచం. ఎన్ని బస్తాలవుతాయో మాత్రం ఎవరం ముందు చెప్పం. ఆ చెప్పకూడనిది నేను చెప్పాను, ఒప్పుకున్నాను. చూపించాల్సింది నువ్వు నాకు చూపించలేదు. పరాయివాళ్ళకి రెండేళ్ళ ముందు, నాన్నకి అంతా అయ్యాక. ఇది ఏ ఊరి న్యాయమో నువ్వే చెప్పు.

మీ అమ్మ కాకరకాయ కారం పంపుతోంది. ఈ ఉత్తరం ఇంకా పెద్దదిగా రాయొద్దంటోంది.

నీ నాన్న,
సీతారామాంజనేయులు



తెనాలి,
17-9-2025

నాన్నా,

నీ ఉత్తరం మనీషాకీ జయకృష్ణకీ చదివి వినిపించాను. ‘నువ్వు రాసింది ఏంటి’ దగ్గరికి వచ్చేసరికి మనీషా ఆపి, ఆ ముక్క మళ్ళీ చదవమంది. తేదీ చెప్పలేదు, చెప్పలేదు అని ఇంత పొంగిపోయాం కదా, త్వరలో అన్నది కూడా తేదీయేనని మాకు తట్టలేదు. జయకృష్ణ కాసేపు వాదించాడు, అందరూ అలాగే రాస్తారని. “అందరూ రాస్తే అబద్ధం నిజమైపోద్దా” అని మనీషా నోరు మూయించింది.

నిన్న ఆ మాట తీసేశాం. దాని బదులు ఉన్నదున్నట్టు రాశాం: నీళ్ళు ఇంకా కుదరలేదు, ముగింపు ఇంకా చేయలేదు, ఎప్పటికవుతుందో మాకు తెలియదు, నెలనెలా ఎంత అయిందో చూపిస్తాం అని. కొందరు మోసమన్నారు. కొందరు తిట్టి వెళ్ళిపోయారు. వాళ్ళని తప్పు పట్టలేను, నేను నీ మీద పడ్డట్టే వాళ్ళు మా మీద పడ్డారు. ఒకడు మాత్రం, ఎంత ఆలస్యమైనా పర్లేదు, పడవలో ముసలమ్మని మాత్రం జాగ్రత్తగా దించండి అని రాశాడు.

నీకెందుకు చెప్పలేదని అడిగావు. పరాయివాళ్ళు మర్చిపోతారు నాన్నా. ఆట రాకపోతే ఇంకో ఆట చూసుకుంటారు. ఊరు మర్చిపోదు. నువ్వసలే మర్చిపోవు. ఈసారి కూడా కాకపోతే నీ మొహం చూడలేనని, అయ్యాకే చెబుదామనుకున్నాను. నీకోసమే దాచానని నా లెక్క. ఆ లెక్కలో, పెళ్ళి విస్తరి ముందు ఎవరో కుర్రాడి ఫోన్లో నా పేరు చదువుకుంటూ నువ్వు కూర్చుంటావని రాలేదు.

కోపం పూర్తిగా పోలేదు, నీకూ పోయి ఉండదు. ఆ కిళ్ళీ ఫోటోకి మాత్రం ఎప్పటికీ పోదు. అయినా ఆదివారం నువ్వూ అమ్మా పొద్దుటి రైలుకి తెనాలి రండి. ఉన్నంతవరకు ఆడండి. నువ్వు ఎలాగూ బాగుందంటావు, అది లెక్కలోకి రాదు. అమ్మ ఉప్పు చూడకుండా కూర దించే మనిషి కాదు, ఆవిడ ఏమంటుందో వినాలి. పడవ గట్టులోకి దూరిపోతుంది, నవ్వకూడదు. ముసలమ్మ మాయమవుతుంది, భయపడకూడదు.

ఆడాక ఊళ్ళో ఎవరికీ చెప్పొద్దని అననులే. చెప్పు. కొండయ్యకి చెప్పు, బాపట్ల వాళ్ళకి చెప్పు, బస్సులో పక్క సీటు వాడికి చెప్పు. మా అమ్మాయి ఒక ఆట చేస్తోంది, ఇంకా అవలేదు, నేను చూశాను అని చెప్పు.

నీ
సుధ